తోడబుట్టినవాడి పేరున ఒక గది

నాన్న పిడుగురాళ్లలో నలభై ఏళ్లు తాపీ పని చేశాడు. పోయిన వేసవిలో ఇంగ్లండులో మా దగ్గరికి, గ్లాస్టర్ ఊరికి వచ్చినప్పుడు మొదటి పది రోజుల్లోనే మా చుట్టుపక్కల గోడలన్నీ చేత్తో తడిమి చూసేశాడు. ఊళ్లో ఉన్న పెద్ద కెథెడ్రల్‌కి తీసుకెళ్తే మెడ వెనక్కి వాల్చి పైకప్పు చాలాసేపు చూశాడు. బయటికి వచ్చాక, "బాగుందమ్మా. కానీ ఇది వందల మంది పని. నాకు నలుగురైదుగురు మేస్త్రీలు కట్టినట్టుండేది చూడాలనుంది. బాగా పాతదై ఉండాలి. ఇక్కడ అలాంటిది ఏమన్నా ఉందా?" అని అడిగాడు.

ఉంది. డీర్‌హర్స్ట్‌లో ఉంది. మా ఇంటి నుంచి ఏ38 రోడ్డు మీద ట్యూక్స్‌బరీ వైపు వెళ్తే కారులో అరగంట కూడా పట్టదు.

ఆ ఊరు సెవర్న్ నది ఒడ్డున ఉంటుంది. నాలుగు ఇళ్లు, గడ్డి మైదానాలు, యాపిల్ చెట్లు, వరద వస్తే నీళ్లలో మునిగే దారులు. ఇప్పుడు చూస్తే ఏమీ లేని ఊరు. కానీ వెయ్యేళ్ల కిందట ఇక్కడ పెద్ద మఠం ఉండేది. 1012లో డెన్మార్క్ నుంచి దండెత్తి వచ్చిన డేన్‌ల చేతిలో చనిపోయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆల్ఫీజ్ సన్యాసిగా మొదలుపెట్టింది ఇక్కడే. 1016లో డేన్‌ల రాజు కనూట్, ఇంగ్లీషు రాజు ఎడ్మండ్ ఇద్దరూ ఈ ఊరి దగ్గరే, నదిలో ఓల్నీ అనే దీవి మీద కలుసుకుని రాజ్యాన్ని పంచుకున్నారు. ఆ మఠం తాలూకు సెయింట్ మేరీ చర్చి ఇప్పటికీ ఉంది, బాగా చూసుకుంటున్నారు. ఇంగ్లండులో సాక్సన్ కాలం (1066లో నార్మన్లు రాకముందు) కట్టడాలంటే ఇష్టం ఉన్న ఎవరైనా ఆ చర్చి కోసమే వస్తారు. నేనూ 2019లో మొదటిసారి దానికోసమే వెళ్లాను.

నేను చెప్పబోయేది దాని గురించి కాదు. దానికి రెండు వందల మీటర్ల దూరంలో, నల్లటి కర్రలు, తెల్లటి పూత ఉన్న ఒక పాత రైతు ఇల్లుంది. దాని పేరు ఆబట్స్ కోర్ట్. ఆ ఇంటికి ఒక పక్కన అతుక్కుని రాతి గది ఒకటి ఉంది. దూరం నుంచి చూస్తే ధాన్యం కొట్టో, పశువుల కొట్టమో అనుకుంటాం. అదే ఒడ్డా చాపెల్, అంటే ఒడ్డా అనే ఎర్ల్ (రాజు కింద ప్రాంతాల్ని ఏలే ప్రభువు) కట్టించిన చిన్న ప్రార్థన గది. టికెట్ లేదు, కాపలా మనిషి లేడు. ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ చూసుకుంటుంది. ఇల్లు మాత్రం వేరేవాళ్లది, అటు వెళ్లకూడదు.

నాన్న లోపలికి వెళ్లలేదు. నేను తలుపు దగ్గర నిలబడి పిలుస్తున్నా వినిపించుకోకుండా బయట మూల దగ్గరే ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"ఇటు రామ్మా. ఈ మూల చూడు. ఒక రాయి నిలువుగా నిలబెట్టాడు. దాని మీద ఇంకోటి పడుకోబెట్టాడు. మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం. నిలువు రాయి ఎత్తునిస్తుంది. అడ్డ రాయి గోడలోకి పోయి పట్టుకుంటుంది. మధ్యలో గోడంతా చిన్న రాళ్లే, గుండ్రాళ్లలాంటివే వేశాడు. బలమంతా మూలల్లో పెట్టాడు."

ఇది సాక్సన్ మేస్త్రీల పనిని గుర్తుపట్టే గట్టి ఆనవాలు. పుస్తకాల్లో చదివి నేను తెలుసుకున్నదాన్ని ఆయన రెండు నిమిషాల్లో చేత్తో చూసి చెప్పాడు. గోడకి వాడింది ఆ చుట్టుపక్కల దొరికే సున్నపురాయి. దాన్ని కలిపింది సున్నం. పిడుగురాళ్లలో పుట్టినవాడికి సున్నం గురించి చెప్పక్కర్లేదు. మా చిన్నప్పుడు బట్టీల పొగ, తెల్లటి దుమ్ము లేకుండా మాకు ఏ రోజూ గడిచేది కాదు. నాన్న రాళ్ల సందులో వేలు పెట్టి రాసి చూసి, ఇందులో కొంత ఈమధ్య మళ్లీ పూసిందని, పాతదాని రంగు వేరని చూపించాడు. సిమెంటు పెట్టకుండా సున్నమే పెట్టినందుకు సంతోషించాడు. "సిమెంటు పెడితే గోడకి ఊపిరాడదు, చెమ్మ లోపలే ఉండి రాయి పొట్టు లేస్తుంది" అన్నాడు.

ఉత్తరం వైపు తలుపులోంచి లోపలికి వెళ్తే రెండు గదులు. మొదటిది జనం నిలబడేది, సుమారు 25 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. ఎత్తు సుమారు 17 అడుగులు. వెడల్పు కంటే ఎత్తే కొంచెం ఎక్కువ, అందుకని చిన్న గదే అయినా నిలబడితే బావిలో నిలబడ్డట్టు ఉంటుంది. రెండోది బలిపీఠం ఉండే గది, ఇంకా చిన్నది, సుమారు 14 అడుగులు, 11 అడుగులు. రెంటికీ మధ్య ఒక కమాను. ఆ కమాను పూర్తి అర్ధ వృత్తం కాదు, కింద కొంచెం లోపలికి ముడుచుకుని గుర్రపు నాడాలా ఉంటుంది. ఈ చాపెల్లో అలంకారం అనదగ్గది ఉంటే అదొక్కటే. శిల్పాలు లేవు, బొమ్మలు లేవు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి పైన ఉన్న కిటికీలు. గోడకి రెండున్నర అడుగుల మందం. కిటికీ రంధ్రం గోడ మధ్యలో సన్నగా ఉండి, అక్కణ్నించి లోపలికీ బయటికీ రెండు వైపులా వెడల్పవుతుంది. రెండు గరాటాల మూతులు సన్న వైపున కలిపినట్టు. బయట వెలుతురు ఎంత తక్కువున్నా పోగుచేసి లోపల పరుస్తుంది. గాలి, వాన మాత్రం ఆ సన్నటి సందులోంచి అంతగా రావు. అద్దం ఖరీదైన కాలంలో దీనికంటే తెలివైన పని ఏముంటుంది? మబ్బు పట్టిన రోజున కూడా ఆ గదిలో ఒక బూడిద రంగు వెలుతురు నిలిచి ఉంటుంది. నేను నాలుగుసార్లు వెళ్లాను, మూడుసార్లు మబ్బే.

గోడ మీద ఒక రాతి పలక ఉంది. లాటిన్‌లో చెక్కిన అక్షరాలు. అది నకలు. అసలుది ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. నాన్న శాసనాలు చూసినవాడే, గుళ్ల మరమ్మతులకి వెళ్లినప్పుడు రాతి మీద అక్షరాలుంటే సుత్తి పక్కన పెట్టి పెద్దవాళ్లని పిలిచేవాడు. "ఏముందందులో?" అన్నాడు. నేను చదివి తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను:

ఎర్ల్ ఒడ్డా ఈ రాజశాలను కట్టించి పవిత్ర త్రిత్వం పేరున అంకితం చేయించాడు, ఈ చోటి నుంచే పైకి వెళ్లిపోయిన తన తోడబుట్టిన ఆల్ఫ్రిక్ ఆత్మ కోసం. దీన్ని ప్రతిష్ఠించినవాడు బిషప్ ఎల్డ్రెడ్. ఏప్రిల్ 12వ తేదీ, ఆంగ్లేయుల రాజు ఎడ్వర్డ్ ఏలుబడి 14వ ఏట.

రాజు ఏలుబడి ఎన్నో ఏడో చెప్పడం, ఎవరి పుణ్యం కోసమో చెప్పడం. మన శాసనాల్లో "తన తల్లిదండ్రులకు పుణ్యముగాను" అని ఉన్నట్టే. లెక్కవేస్తే ఆ సంవత్సరం 1056. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతున్న కాలం.

చాపెల్‌ని "రాజశాల" అనడం నన్ను చాలా రోజులు తికమక పెట్టింది. ఇది రాజుగారి హాలు కాదు కదా. తర్వాత చదివితే తెలిసింది, బసిలికా అనే గ్రీకు మాటకి అసలర్థం రాజశాల, చర్చికి ఆ పేరు స్థిరపడింది, దాన్నే ఇక్కడ లాటిన్ మాటల్లో విడమరిచి రాశారు. అప్పుడు మన కోవెల గుర్తొచ్చింది. కో అంటే రాజు, ఇల్ అంటే ఇల్లు. రాజు ఉండే ఇంటి పేరే దేవుడి ఇంటికీ పెట్టుకున్నాం, వాళ్లూ మనమూ.

నాన్న మాత్రం వేరేచోట ఆగాడు. "ఆల్ఫ్రిక్ ఇతనికి అన్నా, తమ్ముడా?" అన్నాడు.

నేను చెప్పలేకపోయాను. రాతి మీద ఉన్న మాట జెర్మానస్. ఒకే తల్లిదండ్రులకి పుట్టిన సోదరుడని అర్థం, అంతే. ఇంగ్లీషులో బ్రదర్ అని సరిపెడతారు. తెలుగులో అనువదించబోతేనే ఆ మాట అడ్డం పడుతుంది. అన్న అనాలా, తమ్ముడు అనాలా తేలకుండా మన నోటికి వాక్యం రాదు. అందుకే నేను తోడబుట్టిన అన్నాను, జెర్మానస్‌కి అంతకంటే దగ్గరి మాట దొరకలేదు. నాన్నకి అది చాల్లేదు. "అన్న కోసం కట్టడం వేరు, తమ్ముడి కోసం కట్టడం వేరమ్మా" అని ఊరుకున్నాడు.

ఒడ్డా గురించి రాతల్లో ఉన్నంత వరకు నాన్నకి చెప్పాను. రాజు ఎడ్వర్డ్‌కి చుట్టం. 1051లో ఇంగ్లండులో అందరికంటే బలవంతుడైన ఎర్ల్ గాడ్విన్‌ని రాజు దేశం నుంచి వెళ్లగొట్టినప్పుడు, నైరుతి వైపు డెవన్, సోమర్సెట్, డోర్సెట్, కార్న్‌వాల్ ప్రాంతాల్ని ఒడ్డాకి అప్పగించాడు. మరుసటి ఏడాదే గాడ్విన్ ఓడలతో తిరిగొచ్చి తన అధికారం తను తీసుకున్నాడు. ఒడ్డా గొడవ చేసినట్టు ఎక్కడా లేదు. 1053 డిసెంబరు 22న ఆల్ఫ్రిక్ డీర్‌హర్స్ట్‌లో చనిపోయాడు. చాపెల్ ప్రతిష్ఠ 1056 ఏప్రిల్ 12న. అదే ఏడాది ఆగస్టు 31న ఒడ్డా కూడా ఇక్కడే చనిపోయాడు. చనిపోయే ముందు సన్యాసం పుచ్చుకున్నాడు, ఇప్పించింది ఆ బిషప్ ఎల్డ్రెడే. అన్నదమ్ములిద్దరినీ పర్షోర్ మఠంలో పాతిపెట్టారు.

అంటే తను కట్టించిన గదిలో ఒడ్డా ప్రార్థన చేసుకున్నది ఐదు నెలలు కూడా కాదు. ఈ లెక్క వేసుకున్న రోజున నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

ఇక ఆ ఎల్డ్రెడ్ తర్వాత యార్క్ ఆర్చిబిషప్ అయ్యాడు. 1066 క్రిస్మస్ రోజున వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్ రాజు విలియమ్‌కి కిరీటం పెట్టింది అతనే. ఈ చిన్న గదికి ప్రతిష్ఠ చేసిన చేతులే, పదేళ్లకి ఇంగ్లండు చరిత్ర తిరిగిన రోజున ఆ కిరీటం పట్టుకున్నాయి.

ఒడ్డాకి వారసులు లేరు. ఎడ్వర్డ్ డీర్‌హర్స్ట్ ఆస్తిని పంచి కొంత పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్ మఠానికి, కొంత లండన్‌లో తను కట్టిస్తున్న వెస్ట్‌మిన్‌స్టర్ మఠానికి ఇచ్చాడు. చాపెల్ వెస్ట్‌మిన్‌స్టర్ వాటాలో పడింది. ఆబట్ అంటే మఠం పెద్ద, ఇంటికి ఆబట్స్ కోర్ట్ అని పేరు రావడానికి కారణం అదే. ఎక్కడో వంద మైళ్ల దూరంలో ఉన్న మఠానికి ఈ గది ఒక పొలం లెక్కలో భాగం. మెల్లమెల్లగా ప్రార్థనలు ఆగాయి. గదికి రైతు ఇల్లు అతుక్కుంది. జనం నిలబడే గది వంటిల్లు అయింది. బలిపీఠం గదికి మధ్యలో అంతస్తు వేసి పడక గదులు చేసుకున్నారు. కమాను పూత కింద పోయింది. ఇక్కడ చాపెల్ ఉండేదన్న సంగతి ఊరే మర్చిపోయింది.

ఈ కథ చెప్పేవాళ్లు ఇక్కడ "పాపం" అంటారు. నాకు అలా అనిపించదు. 16వ శతాబ్దంలో రాజు ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించినప్పుడు, వాడకంలో లేని కట్టడాల పైకప్పు సీసం ఊడదీసుకుని అమ్ముకున్నారు. కప్పు పోయిన గోడ ఎన్నాళ్లు నిలుస్తుంది? పక్కనే ఉన్న ట్యూక్స్‌బరీలో అంత పెద్ద మఠం చర్చిని ఊరివాళ్లు 453 పౌండ్లు పెట్టి కొనుక్కుంటే గానీ మిగల్లేదు. ఒడ్డా చాపెల్‌ని కొనడానికి ఎవరూ రావక్కర్లేకపోయింది. అందులో పొయ్యి వెలుగుతోంది. వాన కారితే ఇంటివాళ్లు కప్పు సరిచేసుకున్నారు, చెమ్మ వస్తే పూత పూసుకున్నారు. ఎవరూ దాన్ని కాపాడుతున్నామనుకోలేదు. మూడు వందల ఏళ్ల పైగా అక్కడ రొట్టెలు కాలాయి, పులుసులు ఉడికాయి. నా లెక్కలో చాపెల్‌ని బతికించింది ఆ ఇంటి ఆడవాళ్ల వంట.

సెయింట్ మేరీ చర్చిలో ఒక అందమైన రాతి జ్ఞానస్నానపు తొట్టి ఉంది, ఒంటినిండా సుడులు చెక్కిన 9వ శతాబ్దపు పని. అది కూడా మధ్యలో చాలాకాలం ఒక రైతు దొడ్లో బట్టలుతికే తొట్టిగా ఉండి, 19వ శతాబ్దంలో తిరిగి చర్చికి చేరింది. ఈ ఊళ్లో వస్తువులకి ఇలాంటి అదృష్టం ఉన్నట్టుంది.

ఇంతకీ గది దొరికిన తీరు. శాసనం ముందు దొరికింది, గది తర్వాత దొరికింది. మధ్యలో రెండు వందల ఏళ్లు. 1675లో సెయింట్ మేరీ చర్చి దగ్గరి తోటలో సర్ జాన్ పవెల్ అనే జడ్జికి ఈ రాయి కనిపించింది. ఒడ్డా కట్టించిన శాల అంటే ఆ ఊళ్లో కనిపించే పాత కట్టడం సెయింట్ మేరీనే కదా, అందుకని రాతి మీది మాటలు దాని గురించే అనుకున్నారు. ఆ చర్చి 1056లో కట్టిందని తేల్చేసుకున్నారు. నిజానికి అందులో చాలా భాగం అంతకంటే ఎంతో పాతది. రాయి ఆక్స్‌ఫర్డ్ చేరింది. గది ఇక్కడే వంటింటి మసి కింద ఉండిపోయింది.

1885లో ఆబట్స్ కోర్ట్‌కి మరమ్మతులు జరుగుతుంటే పూత కింద నుంచి పాత రాతి పని బయటపడింది. అప్పటి ఊరి పాస్టర్ జార్జ్ బటర్‌వర్త్ అదేమిటో గుర్తుపట్టాడు. అదే ఇంటి పొగగొట్టం కట్టడంలో మామూలు రాయిలా వాడేసిన ఇంకో శాసనపు ముక్క దొరికింది. పవిత్ర త్రిత్వం పేరున ఈ బలిపీఠం ప్రతిష్ఠించబడింది అని దాని సారాంశం. తోటలో దొరికిన రాయీ త్రిత్వం పేరే చెబుతోంది. రెండూ కలిశాయి. ఒడ్డా శాల ఇదే.

ఇంగ్లండులో సాక్సన్ కాలం కట్టడాలు అక్కడక్కడా ఉన్నాయి గానీ, ఫలానా రోజున ప్రతిష్ఠ జరిగిందని చెప్పగలిగేవి చాలా అరుదు. అందుకే తేదీ తెలియని వేరే కట్టడాల వయసు అంచనా వేసేవాళ్లు ఈ చిన్న గది వైపు చూస్తారు. 1056లో మూల రాళ్లు ఇలా పెట్టేవాళ్లు, కిటికీ ఇలా తీసేవాళ్లు అని ఇది సాక్ష్యం చెబుతుంది. మరో పదేళ్లకి నార్మన్లు వచ్చి కట్టే పద్ధతే మార్చేశారు. సాక్సన్ మేస్త్రీల పాత చేతివాటం ఇంకా మిగిలి ఉన్న చివరి రోజుల గోడలివి.

దొరికాక లోపలి అంతస్తులు, అడ్డుగోడలు తీసేసి చాపెల్‌ని చాపెల్‌గా నిలబెట్టారు. అది మంచి పనే. కమాను మళ్లీ కనిపిస్తోందంటే దానివల్లే. అయినా ఆ వంటింటి గుర్తు ఇంకొంచెం ఉంచి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. అదీ దీని చరిత్రే.

మేం చూస్తుండగానే నాన్న ఫోన్ మోగింది. బాబాయి, వీడియో కాల్. బాబాయి కూడా తాపీ మేస్త్రీనే. ఇద్దరూ పద్నాలుగు, పదహారేళ్ల వయసులో ఒకే పెద్దమేస్త్రీ దగ్గర పని మొదలుపెట్టారు. ఒకే గోడకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడి దారం పట్టేవాళ్లు. అక్కడ సాయంత్రం కావస్తోంది, బాబాయి వరండాలో కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడున్నావన్నా?"

"వెయ్యేళ్ల నాటి గోడ దగ్గరున్నానురా. ఉండు, చూపిస్తా."

నాన్న బయటికి వచ్చి ఫోన్‌ని మూల వైపు తిప్పాడు. సిగ్నల్ సరిగ్గా లేక బొమ్మ ఆగి ఆగి వస్తోంది. పై నుంచి కిందికి ఒక్కో రాయీ చూపించుకుంటూ వచ్చాడు. నిలువు, అడ్డం, నిలువు, అడ్డం. బాబాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అట్లా కాదన్నా. కట్టినట్టే చూపించు, కింద నుంచి పైకి. అడుగు రాయి ఎంత లోపలికి పోయిందో చూడాలి" అన్నాడు.

నాన్న ఒక చెయ్యి గోడకి ఆనించి, తడి గడ్డిలో మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ నేల దాకా దించాడు.